బయాస్ అంటే పక్షపాతం ఒక్కటేనా?

'ఆ ఛానెల్ బయాస్డ్ అన్నా', 'అంపైర్ బయాస్ చూపించాడు', 'ఏఐలో బయాస్ ఉందంట'... ఈ మాట ఇప్పుడు నెల్లూరు జిల్లా వెంకటాచలంలో టీ కొట్టు దగ్గర కూడా వినిపిస్తోంది. అర్థం అడిగితే అందరూ చెప్పేది పక్షపాతం అనే. చాలాచోట్ల అది సరిపోతుంది. సరిపోని చోటే తగాదాలు వస్తున్నాయి.

ముందు మన మాట చూద్దాం. పక్షం అంటే వైపు, పాతం అంటే పడటం. ఒక వైపు పడిపోవడమే పక్షపాతం. (పక్షవాతం వేరు, అది జబ్బు. వాట్సాప్ మెసేజుల్లో రెండూ కలిసిపోతున్నాయి.) ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం అని పెద్దవాళ్లు అనేది దీన్నే. అయినవాళ్లకు పదవులిస్తే ఆశ్రిత పక్షపాతం అంటాం.

వెంకటాచలం మండలంలోనే ఉన్న కసుమూరు దర్గా దగ్గరికి వెళ్తే తెలుగు, ఉర్దూ కలిసే వినిపిస్తాయి. ఉర్దూలో ఈ విషయానికి రెండు వేరువేరు మాటలున్నాయి. తరఫ్‌దారీ అంటే ఒకరి వైపు నిలబడటం. 'మా తరఫున' అని రోజూ తెలుగులో అనే తరఫు అక్కడిదే. తఅస్సుబ్ అంటే అవతలివాళ్లు ఫలానా వాళ్లని ముందే మనసు మూసేసుకోవడం. కొడుకును వెనకేసుకొచ్చే అమ్మది తరఫ్‌దారీ. పేరు వినగానే 'ఇల్లు ఖాళీ లేదు' అనే ఓనరుది తఅస్సుబ్. రెండోదాన్ని కూడా పక్షపాతం అంటే విషయాన్ని తక్కువ చేసినట్టే. దానికి వివక్ష అనాలి. ఈ వివక్ష కథ కూడా తమాషాగా ఉంటుంది. సంస్కృతంలో దాని అర్థం 'చెప్పాలనే కోరిక'. తెలుగుకు వచ్చాక మనుషుల మధ్య తేడా చూపడం అయిపోయింది. ఇలాంటి మాటల సంగతి చూసే ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం మైసూరు నుంచి వచ్చి 2020 జనవరిలో వెంకటాచలంలోనే మొదలైంది.

ఇంగ్లీషులో బయాస్ అసలు అర్థం వాలు, ఏటవాలు. ఫ్రెంచి నుంచి వచ్చింది. బట్టను 45 డిగ్రీల ఏటవాలుగా కత్తిరించడాన్ని బయాస్ కట్ అంటారు. మన టైలర్లు 'క్రాస్' అనేది ఇదే. అలా కోస్తే గుడ్డ సాగుతుంది, ఒంటికి అతుక్కుంటుంది. అందులో ఎవరి దురుద్దేశమూ లేదు కదా! లెక్కల్లోనూ అంతే. కోస్తాలో రొయ్యల రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు, కౌంటును బట్టే రేటు. వల చెరువులో ఒకే మూల విసిరి, అక్కడ పడ్డవాటినే లెక్కపెడితే ఆ కౌంటు మొత్తం చెరువుది కాదు. విసిరినవాడు నిజాయితీపరుడే కావచ్చు. పదిసార్లు అదే మూల విసిరినా తప్పు తగ్గదు, పదింతలు నమ్మకంగా కనిపిస్తుందంతే. స్టాటిస్టిక్స్‌లో బయాస్ అంటే ఇది: ఎప్పుడూ ఒకే వైపు జరిగే తప్పు. ఏఐలో బయాస్ అన్నా చాలావరకు ఇదే గొడవ. నేర్పిన సమాచారం ఒక మూలదైతే జవాబూ ఆ మూలదే వస్తుంది.

చట్టం కూడా ఉద్దేశం కంటే స్థానాన్నే ఎక్కువగా చూస్తుంది. దీనికి మన రాష్ట్రం కేసే పెద్ద ఉదాహరణ. కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సు రూట్లను ఆర్టీసీకి ఇవ్వాలని స్కీమ్ పెట్టారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు తదితర బస్సు యజమానులు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ చూసే సెక్రటరీ, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. 1958లో సుప్రీంకోర్టు దీన్ని కొట్టేసింది. తీర్పు రాసింది జస్టిస్ కోకా సుబ్బారావు. సెక్రటరీ చెడ్డవాడని ఆయన అనలేదు. తగాదాలో ఒక పక్షం అయిన శాఖకు అధిపతే వాదనలు వినడం కుదరదన్నారు. ఒకరు విని మరొకరు తేల్చడం కూడా చెల్లదన్నారు. రెండోసారి ముఖ్యమంత్రే స్వయంగా విన్నారు. అదీ బయాసే అని యజమానులు మళ్లీ వెళ్లారు. సెక్రటరీలా మంత్రి శాఖలో భాగం కాడంటూ 1959లో కోర్టు ఒప్పుకోలేదు. సామాన్యుడికి ఈ తేడా మింగుడుపడటం కష్టమే.

అందుకే 'మీ విచారణలో బయాస్ ఉంది' అంటే ఆఫీసరుగారు 'నాకెవరి మీదా పక్షపాతం లేదు' అని చెప్పే జవాబు చాలదు. అడిగింది ఆయన మనసు గురించి కాదు, కూర్చున్న కుర్చీ గురించి. ఫిర్యాదు రాసేవాళ్లు కూడా 'పక్షపాతంతో వ్యవహరించారు' అని రాస్తే మనిషిని నిందించినట్టవుతుంది, రుజువు అడుగుతారు. 'ఈ వ్యవహారంలో వారికి సంబంధం ఉంది, కాబట్టి వేరేవారు వినాలి' అని రాయడం నయం. అదీ మొదట్లోనే రాయాలి. సంగతి తెలిసీ ఊరుకుని, ఓడిపోయాక బయాస్ అంటే కోర్టులు సాధారణంగా వినవు. మాణక్‌లాల్ కేసులో 1957లోనే సుప్రీంకోర్టు ఆ మాట తేల్చింది.