మా చాల్‌లో ఆకిలి: కామాఠిపుర ఊకుడు మాటలు

పోయిన దసరాకు పది రోజుల ముందు గ్రాంట్ రోడ్‌లో మా పాత గది తాళం తీశాను. గ్రాంట్ రోడ్ అని అలవాటుకొద్దీ రాస్తున్నాను, నిజానికది కామాఠిపుర. పెళ్ళి సంబంధాలకు, ఉద్యోగ దరఖాస్తులకు మా వాళ్ళంతా గ్రాంట్ రోడ్ అనే రాసేవాళ్ళు. కామాఠిపుర అంటే బయటివాళ్ళకు గుర్తొచ్చేది ఒక్కటే, అది వేరే చెప్పక్కర్లేదు. కానీ పిన్ కోడ్ దాగదు. గ్రాంట్ రోడ్‌ది 400007, మాది 400008. నేను బ్యాంకులో చేరిన కొత్తలో ఒక పైఅధికారి నా అడ్రసు చూసి, చివరి అంకె మీద వేలు పెట్టి నా మొహం చూశాడు. ఏమీ అనలేదు. అనకపోవడమే గుర్తుండిపోయింది.

అమ్మ పోయి ఆరేళ్ళు. అప్పటినుంచి గది మూసే ఉంది. మేం కళ్యాణ్‌లో ఉంటాం. చాల్‌ను పడగొట్టి తిరిగి కట్టే లెక్కలు నడుస్తున్నాయి, కొలతలవాళ్ళు వస్తారని కబురొచ్చింది. మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయి నెల కాలేదు. కాబట్టి ఒక్కణ్ణే వెళ్ళాను. దారిలో కొత్త చీపురు, ఫినాయిల్ సీసా, రెండు గుడ్డలు కొన్నాను. తలుపు తీశాక గడపలోనే నిలబడిపోయాను. ముప్ఫై నాలుగేళ్ళు బ్యాంకులో చేశాను. సాయంత్రం క్యాష్ మూసేటప్పుడు ఏది ముందు, ఏది వెనక అని నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. పదడుగుల పన్నెండడుగుల గదిని ఎక్కణ్ణించి ఊడ్వడం మొదలుపెట్టాలో నాకు తెలీదు. అరవై దాటాక తెలిసొచ్చిన సంగతి ఇది.

సిరిసిల్లలో ఉన్న అక్కకు ఫోన్ చేశాను.

"తమ్మీ, ముందుగాల సీపురు కింద వెట్టు. మీదికెల్లి రావాలె. అటుక దులుపు, గోడలు దులుపు, సామాన్లు తుడువు, ఆఖరికి కింద ఊకు. కింద ఊకినంక మీద దులిపితే రెండు పనులైతయ్. తుడిసేటప్పుడు ఎనుకకు ఎనుకకు దర్వాజ దిక్కు రా. నువ్వే లోపట ఇరుక్కునేవు."

జేబులో డైరీ ఉంటే అక్క చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. రాస్తుంటే ఒకటి గమనించాను. ఇందులో నాకు అర్థం కాని మాట ఒక్కటీ లేదు. నేను చేసిన పని కూడా ఒక్కటీ లేదు. ఈ మాటలన్నీ మా ఇంట్లో ఆడవాళ్ళ చేతుల్లో బతికినవి. మేం మగవాళ్ళం విన్నాం, అంతే. అందుకే ఇక్కడ రాసిపెడుతున్నాను.

మొదటిది "ఊకుడు". మా ఆవిడది మంగళగిరి. పెళ్ళయి వచ్చిన కొత్తలో మా అమ్మ "గది ఊకినవా?" అంటే ఆమెకు అర్థమయ్యేది కాదు. వాళ్ళకది ఊడవడం. ఊకోవడమంటే చంటిపిల్లలకు ఊ కొట్టడమో, నోరు మూసుకోవడమో. ఇద్దరూ తెలుగువాళ్ళే, మధ్యలో నేను దుబాసీని. అమ్మకు బోళ్ళు, ఆవిడకు అంట్లు. అమ్మకు కడప, ఆవిడకు గడప. అమ్మకు నల్లా, ఆవిడకు కుళాయి. చివరికి ఇద్దరూ రాజీపడ్డది నల్లా దగ్గరే, ఎందుకంటే బొంబాయి మొత్తం దాన్ని నల్ అనే అంటుంది.

అక్కకు దీనికి తలకిందులుగా జరిగింది. చాల్ గదిలో మూలన గట్టు కట్టి నీళ్ళు పోయేలా తూము పెట్టిన చోటును మరాఠీవాళ్ళు మోరీ అంటారు. స్నానం, బట్టలు, బోళ్ళు అన్నీ అక్కడే. మేమూ అదే మాట అనేవాళ్ళం. తెలంగాణలో మోరి అంటే వీధి మురుగుకాలువ. అక్క సిరిసిల్లలో అడుగుపెట్టిన రెండో రోజు పొద్దున్నే "మోరిల తానం జేసొస్త అత్తమ్మా" అన్నదట. ఆ ఇంట్లో ఆ మాట ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఇక "సాన్పి". ఊళ్ళో పొద్దున లేవగానే ఆకిలి ఊకి, పేడ కలిపిన నీళ్ళు చల్లి, ముగ్గేసేదాకా ఆడవాళ్ళు ఇంకో పని ముట్టరు. ఆ చల్లే నీళ్ళు సాన్పి. కోస్తాలో దాన్నే కళ్ళాపి అంటారు. చాల్‌లో మట్టి వాకిలి ఏది? తలుపు ముందు ఉన్నది అందరూ నడిచే గ్యాలరీ, కింద శాబాద్ లాదీ. (ఆ రాయి కూడా నిజాం రాజ్యంలోని షాహాబాద్ నుంచి వచ్చిందే. మనుషులతోపాటు బండలు కూడా అటునుంచే వచ్చాయన్నమాట.) అమ్మ మాత్రం తలుపు ముందర రెండు బారల మేర ఊకి, చెంబెడు నల్లా నీళ్ళు చల్లి, సుద్దముక్కతో జానెడు ముగ్గు గీసేది. దాన్ని "సాన్పి సల్లుడు" అనే అనేది. పేడ లేదు, మట్టి లేదు, మాట ఉంది. ఆ రెండు బారల చోటును ఆమె ఏనాడూ గ్యాలరీ అనలేదు. ఆకిలి అనేది. పండగలకు కడపకు జాజు పూసేది.

ఇంత పట్టుదల ఎందుకో చిన్నప్పుడు తెలీదు. తర్వాత పుస్తకాలు తిరగేస్తే కొంత తెలిసింది. బొంబాయి ద్వీపాల మధ్య సముద్రపు నీరు లోపలికి రాకుండా 18వ శతాబ్దం చివర్లో హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట కట్టారు. దాంతో లోపలి పల్లపు నేల బయటపడింది. నిజాం రాజ్యం నుంచి ఇళ్ళ కట్టడం పనికి వచ్చిన తెలుగు కూలీలు అక్కడ స్థిరపడ్డారు. 1909–10లో అచ్చయిన బొంబాయి గెజిటీర్ కూడా కామాఠిపుర పేరు వాళ్ళమీదే వచ్చిందని చెప్తుంది. కామాటి అంటే తెలుగులో కట్టుబడి కూలీ. మా పద్మశాలి వాళ్ళు తర్వాత, నూలు మిల్లులు లేచాక వచ్చారు. ముందువాళ్ళు ఊరు కట్టారు, వెనకవాళ్ళు బట్ట నేశారు. ఇద్దరికీ దొరికింది పల్లపు నేల, ఇరుకు గది.

1896 సెప్టెంబరులో మాండ్వీలో డాక్టర్ అకాసియో వియేగాస్ ప్లేగును గుర్తించాక బొంబాయిలో శుభ్రం అనే మాటకు అర్థమే మారిపోయింది. మునిసిపాలిటీ మనుషులు పేదల ఇళ్ళలోకి వచ్చి మందు నీళ్ళు కొట్టారు, గోడలకు సున్నం వేశారు, వెలుతురు కోసం పైకప్పు పెంకులు పీకేశారు. పనికిరావనుకున్న ఇళ్ళ మీద యు.హెచ్.హెచ్. అని రాశారు, మనుషులు ఉండటానికి తగదని అర్థం. 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ వచ్చింది. ఊరు బాగుపడ్డ మాట నిజమే, నేను కాదనను. కానీ నీ ఇల్లు మురికిదని బయటివాడు గోడ మీద రాసిపోతే, ఆ గల్లీల్లో ఆడవాళ్ళు కడపకు జాజు పూయడాన్ని నేను అలవాటని తీసిపారేయలేను.

మా ఇంట్లో శుభ్రం వేళను గడియారం నిర్ణయించేది కాదు. నల్లా, మిల్లు నిర్ణయించేవి. విహార్ చెరువు నీళ్ళు 1860లోనే గొట్టాల్లో బొంబాయికి వచ్చాయి గానీ మా అంతస్తుకు వచ్చేది తెల్లవారుజామున కాసేపే. ఆ కాసేపట్లో పీపా నిండాలి, మోరి కడగాలి. మరాఠీలో దాన్ని పింప్ అంటారు. పీపా, పింప్ రెండూ పోర్చుగీసు మాట నుంచే వచ్చాయి. నాయిన మిల్లులో సాంచాల మీద పని. రాత్రి పాళీ అయితే పొద్దున వచ్చి పడుకుంటాడు, అందుకని అంతలోపల ఊకుడు అయిపోవాలి. పగటి పాళీ వారం ఆయన వెళ్ళాక తీరిగ్గా. అమ్మకు నెలలో వారాలన్నీ నాయిన పాళీని బట్టే గుర్తు.

పాళీ అన్న మాట మరాఠీది. మిల్లులో షిఫ్టూ పాళీనే, గ్యాలరీ మెట్లు కడిగే వంతూ పాళీనే. మా అంతస్తులో ఎనిమిది గదులు, ఎనిమిది రోజులకొకసారి మన పాళీ. తెలుగులో వంతు అనే మంచి మాట ఉండి కూడా మా ఇళ్ళలో అది పోయింది. ఎందుకంటే వంతు కోసం గొడవ పడేది మరాఠీ పక్కింటివాళ్ళతో, కొట్లాట అవతలివాళ్ళకు అర్థమవ్వాలి కదా! ఆ మాటకు మరాఠీలో ఇంకో అర్థం ఉంది, ఆడవాళ్ళ నెలసరి. అమ్మ "ఇయ్యాల నా పాళీ" అని గట్టిగా అంటే పక్కగది కాకూ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది. రెండు పాళీలూ ఒకే రోజు పడితే మాత్రం ఆ కాకూయే మా మెట్లు కడిగి పెట్టేది, ఆమెకు అమ్మ. ఈ మార్పిడి లెక్క వాళ్ళిద్దరి నోటి మీదే నడిచింది.

1982 జనవరి 18న మిల్లు సమ్మె మొదలైంది. అప్పటికి నాకు బ్యాంకు ఉద్యోగం వచ్చి ఏడాది కాలేదు. నాయినకు పాళీ లేకుండా పోయింది. మనిషి రోజంతా గదిలోనే, లేదా ఆకిట్ల కూచునేవాడు. అమ్మకు ఊకడానికి వేళ దొరకలేదు. ఆయన కాళ్ళ చుట్టూ ఊకేది, లేవమనేది కాదు. లేస్తే ఎక్కడికి పోతాడు? ఆ ఎండాకాలం ఒక తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చింది. బయట చప్పుడవుతుంటే చూశాను. మా పాళీ రోజది. నాయిన పంచె ఎగ్గట్టి, దీపం వేయకుండా మెట్లు కడుగుతున్నాడు. పక్కవాళ్ళు లేవకముందే ముగించి లోపలికొచ్చి పడుకున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఆ రోజు లేచి బకెట్ అందుకుని ఉంటే అరవై దాటాక అక్కకు ఫోన్ చేసే అవసరం రాకపోయేదేమో.

ఇంకో సంగతి దాచిపెట్టి రాయడం సరికాదు. మా శుభ్రం గ్యాలరీ చివర సండాసు తలుపు దగ్గర ఆగిపోయేది. దాన్ని కడగడానికి వేరే మనుషులొచ్చేవాళ్ళు. వాళ్ళకోసం మునిసిపాలిటీ ఇంటిపన్నులో హలాల్‌ఖోర్ పన్ను అని కలిపేది. మాకు వాళ్ళ పేర్లు తెలీవు, కులం పేరుతోనే పిలిచాం. మా అమ్మ చెంబు ఎత్తి దూరం నుంచి నీళ్ళు పోసేది. చేత్తో మలం ఎత్తించడం నేరమని 1993లో, మళ్ళీ 2013లో చట్టాలు చేయాల్సి వచ్చింది. మనం అవతలివాళ్ళ చూపు గురించి బాధపడుతూనే ఇంకొకళ్ళను అదే చూపు చూశాం.

దసరా దులుపుడు సంగతి క్లుప్తంగా చెప్తాను, మీ ఇళ్ళలోనూ ఇదే. బతుకమ్మకు ముందు ఒక ఆదివారం గదిలో సామానంతా గ్యాలరీలోకి వచ్చేది. అటుక ఖాళీ చేసి (మరాఠీవాళ్ళ పోటమాళా అదే) బూజు దులిపి, సున్నం వేసి, ఇత్తడి బోళ్ళు చింతపండు పెట్టి తోమేవాళ్ళు. పొయ్యి ఉన్నన్నాళ్ళు బూడిదతో తోమారు. కిరసనాయిల్ స్టవ్ వచ్చాక బూడిద కూడా కొనుక్కోవాల్సిన సరుకైంది. అమ్మకు అదొక పెద్ద అవమానం.

అక్క చెప్పిన వరుసలోనే చేశాను. నాలుగు గంటలు పట్టింది. అటుక మీద ట్రంకు పెట్టెలో అద్దె రసీదులు, ఏడాదికొక కట్ట చొప్పున, నూలు దారంతో కట్టి ఉన్నాయి. అమ్మకు చదువు రాదు. కట్టలు మాత్రం సంవత్సరాల వరుసలో ఉన్నాయి, ఒక్కటీ తారుమారు కాలేదు. మా బ్రాంచిలో ఓచర్లు అంత బాగా ఉండేవి కావు. చివర్లో వెనక్కి వెనక్కి తుడుచుకుంటూ దర్వాజ దాకా వచ్చాను, ఇరుక్కోలేదు.

మూడు రోజుల తర్వాత కొలతల కుర్రాడు వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయటే విడిచాడు. టేపు ఒక కొస నన్ను పట్టుకోమన్నాడు. కడప లోపలి అంచు నుంచి వెనక గోడ దాకా పన్నెండు, అడ్డం పది. నూట ఇరవై చదరపు అడుగులు అని రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. నియమం ప్రకారం సరిగ్గానే రాశాడు, గ్యాలరీ అందరిదీ కాబట్టి ఎవరి లెక్కలోకీ రాదు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"ఎంత రాసిండు తమ్మీ?"

చెప్పాను.

"ఆకిలి?"

"ఆకిలి రాయరక్కా. అది మనది కాదు."

"మనది గాకుంటే అమ్మ ఎందుకు ఊకింది?" అన్నది.