పంపులు ఆగినా ఆగని నీళ్లు: నరోరాలో 17 గంటలు

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఈసీఐఎల్ బస్సెక్కితే మౌలాలి దాటాక న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వస్తుంది. 1971లో పెట్టారు. మన దేశంలోని భారజల రియాక్టర్లకు ఇంధనం ఇక్కడే తయారై వెళ్లేది. అట్లా వెళ్లిన ఇంధనం ఒక రాత్రి కరెంటు లేకుండా ఎట్లా గట్టెక్కిందో ఇవాళ చెప్పుకుందాం.

ముందు చిన్న సంగతి. మీ మేడ మీద సోలార్ వాటర్ హీటర్ ఉంటే ఓసారి చూడండి. ట్యాంకు పైన, పలక కింద ఉంటాయి. మోటారు ఉండదు. పలకలో వేడెక్కిన నీళ్లు తేలికై పైకి పోతాయి, ట్యాంకు అడుగున ఉన్న చల్లటి నీళ్లు బరువుతో కిందికి దిగుతాయి. దీన్నే థర్మోసైఫన్ అంటారు. అయితే రెండు షరతులున్నాయి: వేడి కింద ఉండాలి, దాన్ని తీసుకునే చల్లటి చోటు పైన ఉండాలి.

ఇప్పుడు ఉత్తరప్రదేశ్‌లో గంగ ఒడ్డున ఉన్న నరోరాకి వెళ్దాం. 1993 మార్చి 31, తెల్లవారుజామున మూడున్నర. మొదటి యూనిట్ టర్బైన్‌లో రెండు బ్లేడ్లు విరిగాయి. ఆ అదురుకి జనరేటర్‌లోని హైడ్రోజన్ బయటికొచ్చి అంటుకుంది. ఆ హైడ్రోజన్ అక్కడ ఉన్నదే జనరేటర్‌ని చల్లబరచడానికి! మంట కేబుళ్లకు పాకింది. ఆపరేటర్లు నిమిషంలోపే రియాక్టర్‌ని ఆపేశారు గానీ, కరెంటు మొత్తం పోయింది. అత్యవసర సరఫరా కూడా అందలేదు. కంట్రోల్ రూమ్‌లోకి పొగ కమ్మేసి అందరూ బయటికి రావాల్సొచ్చింది.

రియాక్టర్ ఆపేశారు కదా, ఇంకేం భయం అనుకుంటాం. అది పొయ్యి కట్టేసినట్టు కాదండీ. ఆపిన వెంటనే కూడా పూర్తి వేడిలో ఆరేడు శాతం పుడుతూనే ఉంటుంది. తర్వాత మెల్లగా తగ్గుతుంది. ఆ వేడిని తీయకపోతే ఇంధనం కరిగిపోతుంది. 2011లో ఫుకుషిమాలో జరిగింది అదే.

నరోరాలో 306 గొట్టాల్లో ఇంధనం ఉంటుంది. స్టీమ్ జనరేటర్లు దానికంటే ఎత్తులో ఉంటాయి. పంపులు ఆగిపోయినా వేడెక్కిన భారజలం పైకి పోయి, అక్కడ వేడి వదిలి, చల్లబడి కిందికి దిగుతూనే ఉంది. మన మేడ మీది హీటర్ లెక్కే.

చాలామంది కథ ఇక్కడ ఆపేసి, ప్రకృతే కాపాడిందంటారు. నేను ఒప్పుకోను. రెండో షరతు గుర్తుందా? స్టీమ్ జనరేటర్‌లో అవతలి వైపు నీళ్లు మరిగి ఆవిరైపోతే చల్లటి చోటే ఉండదు, ప్రవాహమూ నిలవదు. అందుకే సిబ్బంది డీజిల్‌తో నడిచే ఫైర్ పంపులు నడిపి, మంటలార్పే నీళ్లని అందులోకి పంపారు. కొందరు టార్చిలైట్లు పట్టుకుని పైకెక్కి, రియాక్టర్ మళ్లీ రాజుకోకుండా బోరాన్ ద్రావణం దిగేలా వాల్వులు తిప్పారు. కరెంటు లేకుండా 17 గంటలు గడిచాయి. ఇంధనం చెక్కుచెదరలేదు, రేడియేషన్ బయటికి రాలేదు.

ఆ చల్లటి చోటు కోసం మనిషి పరిగెత్తాల్సిన అవసరం తగ్గించాలని తర్వాతి 700 మెగావాట్ల డిజైన్‌లో ఇంకో ఏర్పాటు చేశారు. స్టీమ్ జనరేటర్ ఆవిరి పైనున్న నీళ్ల ట్యాంకులోకి పోయి, అక్కడ నీరై, తన బరువుతోనే వెనక్కి దిగుతుంది. దానికీ పంపు లేదు. ఈ రకంలో మొదటిది గుజరాత్‌లోని కాక్రాపార్ మూడో యూనిట్. 2020 జూలైలో తొలిసారి క్రిటికల్ అయింది. దాని ఇంధనం కూడా మౌలాలి పక్కనుంచి వెళ్లిందే.