ఎర్రజెండాకు తెలుపు, పచ్చ తోడైన కథ

1970 దాకా ఒమాన్ తీరంలోని మస్కట్ రేవుకు వచ్చిన ఓడలవాళ్లకు కనిపించింది ఒట్టి ఎర్రజెండా. దాని మీద బొమ్మ లేదు, అక్షరం లేదు. అది తీరాన్ని ఏలిన సుల్తాన్ల రంగు. ఒమానీ వంశం ఏలిన జాంజిబార్‌లోనూ అదే ఎగిరేది. కొండల అవతల నిజ్వా వైపు మాత్రం చాలాకాలం పాలన మతనాయకుడైన ఇమామ్‌ది, ఆయన రంగు తెలుపు.

1920లో సీబ్ ఒప్పందంతో తీరం సుల్తాన్‌కు, లోపలి ప్రాంతం ఇమామ్‌కు అని సర్దుకున్నారు. చమురు వెతుకులాట మొదలయ్యాక ఆ సర్దుబాటు నిలవలేదు. 1955లో సుల్తాన్ సయీద్ సేనలు నిజ్వాను పట్టుకున్నాయి. 1957లో ఇమామ్ వైపువాళ్ల తిరుగుబాటు రేగింది. 1959 జనవరిలో బ్రిటిష్ సైనికుల సాయంతో జబల్ అఖ్దర్ కొండ మీది చివరి స్థావరాలు కూడా కూలిపోయాయి. మస్కట్‌లో గర్వంగా చూసుకునే ఎరుపు, ఆ కొండ ఊళ్లలో కడుపుమంట రేపే ఉంటుంది.

1970 జూలై 23న సయీద్ కుమారుడు ఖాబూస్ గద్దెనెక్కారు. దేశం పేరులోంచి మస్కట్‌ను తీసేసి ఒమాన్ ఒక్కటే ఉంచారు. డిసెంబర్ 17న కొత్త జెండా వచ్చింది. కర్ర పక్కన నిలువునా పాత ఎరుపే ఉంది. దాని పైభాగాన తెల్లటి గీతల్లో రెండు కత్తులు, వాటి మీద ఒమానీల నడుముకు వేలాడే వంపు బాకు ఖంజర్. కుడివైపు అడ్డంగా మూడు పట్టీలు: శాంతికి తెలుపు, పరాయి సేనలతో చేసిన పోరాటాలకు ఎరుపు, జబల్ అఖ్దర్ పచ్చదనానికి ఆకుపచ్చ. ఓడిన ఇమామ్‌ల తెలుపును చెరిపేయకుండా అన్నిటికన్నా పైన నిలబెట్టారు. ఆ నిర్ణయంలో నాకు గొప్ప రాజనీతి కనిపిస్తుంది.

రంగుకూ మనసుకూ ఉన్న ముడి ఎంత గట్టిదో లోజాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కకట్టారు. 30 దేశాల్లో 4,598 మందిని 12 రంగుల గురించి అడిగి, 2020లో ఫలితాలు ప్రకటించారు. చాలామటుకు దేశాలన్నీ ఒకే మాట చెప్పాయి. ఎరుపంటే ప్రేమ, కోపం రెండూనట. అయితే ఇరుగుపొరుగు దేశాలకూ, దగ్గరి భాషలవాళ్లకూ పోలిక ఇంకా ఎక్కువ. చైనాలో తెలుపు విచారం వైపు మొగ్గింది.

పసుపు సంగతి మరీ ఆసక్తికరం. మరో అధ్యయనంలో 55 దేశాల్లో అడిగి చూస్తే, పసుపును ఆనందంతో ముడిపెట్టినవాళ్లు ఫిన్లాండ్‌లో 87.7 శాతం, ఈజిప్టులో 5.7 శాతం. ఎండకు మొహంవాచిన చోట పసుపు పండగ, ఎండ కాల్చే చోట కాదు. ఒమాన్‌లోని ఖురయ్యత్‌లో 2018 జూన్ 26న రాత్రీ పగలూ కలిపి వేడి 42.6 డిగ్రీలకు కిందికి దిగనేలేదు. అలాంటి నేల మీద మనసుకు హాయినిచ్చేది ఆకుపచ్చ. ఎండ మనకూ తక్కువేం కాదు. అయినా తెలుగువాళ్లకు పసుపు శుభమంటే, అది సూర్యుడి నుంచి వచ్చింది కాదు; గడపకు రాసే పసుపుకొమ్ము నుంచి వచ్చింది.

ఆడా మగా తేడా కూడా ఒమాన్ బట్టల రంగుల్లో కనిపిస్తుంది. ఒమానీ మగవాళ్లు రోజూ తొడిగే పొడవాటి అంగీ దిష్‌దాషా ఎక్కువగా తెలుపే. ఆడవాళ్ల రంగులు ప్రాంతాన్ని బట్టి మారతాయి. పెళ్లికూతురికి మాత్రం సంప్రదాయంగా ఆకుపచ్చ బట్టలు పెడతారు. మన పెళ్లిలో మధుపర్కాలూ తెలుపే, ఒకప్పుడు భర్త పోయిన స్త్రీకి బలవంతాన కట్టబెట్టిందీ తెలుపే. ఆ రెండో తెలుపు వెనకున్న క్రూరత్వాన్ని రంగు మీదికి నెట్టలేం. దాన్ని చేసింది మనుషులు.

జెండా కథ 1970తో ముగియలేదు. మొదట్లో మధ్యనున్న ఎర్రపట్టీ మిగతా రెంటికన్నా సన్నగా ఉండేది. 1995 ఏప్రిల్ 25న మూడు పట్టీలనూ ఒకే వెడల్పుకు మార్చారు. నేటికీ అదే కొలత.