రాబోయే వరదకు గీసిన గీత

వరద తీసిన తరువాత నీరు ఎంతవరకు ఎక్కిందో గోడమీద గుర్తు పెట్టుకోవడం మానవుడికి పాత అలవాటు. 1824 నవంబరులో నేవా నది పొంగి పీటర్స్‌బర్గును ముంచినప్పుడు ఆ నగరవాసులు అలాంటి గుర్తులే పెట్టుకొన్నారు. పుష్కిన్ ఆ వరదనే ఒక కావ్యానికి వస్తువు చేసుకొన్నాడు. 1966 నవంబరు 4న వెనిస్‌లో నీరు 194 సెంటీమీటర్ల మట్టానికి లేచింది. ఆ అంకెను ఆ నగరం నేటికీ మరువలేదు. ఇవన్నీ జరిగిపోయినదానికి సాక్ష్యాలు. ఈ శతాబ్దంలో కొందరు కళాకారులు ఈ అలవాటును తిరగవేశారు. ఇంకా రాని నీటికి గుర్తు పెట్టారు. ఆ గుర్తు ఎందుకు అవసరమైంది, ఎవరికి ఉపకరించింది అన్నదే ఇక్కడ విచారించవలసిన విషయం.

1901కీ 2018కీ మధ్య ప్రపంచంలో సముద్రమట్టం సగటున సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. బొగ్గు, చమురు మండించిన ఫలితంగా భూగోళం వేడెక్కింది. వేడికి సముద్రజలం వ్యాకోచించింది. నేలమీది హిమరాశులు కరిగి సముద్రంలో కలిశాయి. ఈ మార్పు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే గనుక కంటికి ఆనదు. శాస్త్రజ్ఞులకు తెలిసింది నివేదికల్లో ఉండిపోయింది. తీరంలో కాపురముండేవాడికి చేరలేదు. ఈ వెలితిలోనే కొత్త కళారూపం పుట్టింది.

2007లో ఈవ్ మోషర్ అనే కళాకారిణి న్యూయార్క్ వీధుల్లోకి దిగింది. ఆటస్థలాల్లో సున్నపు గీతలు వేసే తోపుడు బండిలో నీలం సుద్దపొడి పోసుకొని, సముద్రమట్టానికి పది అడుగుల ఎత్తున ఉన్న రేఖను పట్టుకొని, బ్రూక్లిన్‌లోనూ మాన్‌హాటన్ దిగువ భాగంలోనూ దాదాపు 70 మైళ్ల పొడవున గీత గీసింది. నూరేళ్లకొకసారి వచ్చే వరదగా లెక్కించేది ఇకమీద తరచుగా రాగలదన్న శాస్త్రజ్ఞుల హెచ్చరిక ఆ పనికి ఆధారం. దారిన పోయేవారు ఆగి ఇదేమిటని అడిగేవారు. ఆమె చెప్పేది. గీతకు ఇవతల ఎవరి ఇల్లుందో, అవతల ఎవరి దుకాణముందో వారే చూసుకొనేవారు. గీతకంటె ఆ సంభాషణే అసలు రచన అనక తప్పదు.

2012 అక్టోబరు 29న శాండీ తుఫాను వచ్చింది. ఐదేళ్ల క్రితం సుద్దగీత పడిన చోట్లకు నీరు చేరింది, కొన్నిచోట్ల దాటిపోయింది. నగరంలో నలభైమందికి పైగా మరణించారు. రెడ్ హుక్‌లోని ప్రభుత్వ గృహసముదాయంలో పేద కుటుంబాలు కరెంటూ వెచ్చదనమూ లేక వారాలు గడిపాయి. అదే సమయంలో మాన్‌హాటన్‌లో ఒక పెద్ద ఆర్థిక సంస్థ భవనం చుట్టూ ఇసుకబస్తాలు పేర్చుకొని, సొంత జనరేటర్లతో వెలుగుతూనే ఉంది. గీతకు దిగువనున్న వారందరూ సమానంగా మునగరన్న సత్యాన్ని గీత చెప్పలేదు, తుఫాను చెప్పింది. ఈ రచనకున్న పరిమితి ఇది.

తరువాతివారిలో కొందరు ఈ దిశగా ఒక అడుగు ముందుకు వేశారు. 2015 సెప్టెంబరులో జేసన్ డికైరెస్ టేలర్ లండన్‌లో, పార్లమెంటు కనుచూపు మేరలో, థేమ్స్ ఒడ్డున నాలుగు గుర్రాలను రౌతులతో నిలబెట్టాడు. గుర్రాల తలలకు బదులు చమురుబావుల పంపులు. పోటు వచ్చినప్పుడు మునిగేవి, పాటుకు బయటపడేవి. నేరం ఎక్కడుందో ఆ శిల్పం వేలెత్తి చూపింది. అదే ఏడాది డిసెంబరులో పారిస్ వాతావరణ మహాసభ సందర్భంగా ఒలాఫుర్ ఎలియాసన్ గ్రీన్‌లాండ్ నుంచి తెప్పించిన పన్నెండు మంచుగడ్డలను వీధిలో కరగనిచ్చాడు. జనం తాకి చూశారు, చెవి ఆనించి విన్నారు. అనుభూతి గాఢమైనదే. అయితే మంచు ఎందుకు కరుగుతున్నదో, దానివల్ల ఎవరు లాభపడుతున్నారో ఆ మంచుగడ్డ తనంతట తాను చెప్పదు. జాలి కలిగించి ఊరుకొనే కళకూ ప్రశ్న రేకెత్తించే కళకూ భేదం ఇక్కడుంది.

వానకు చెరిగిపోయే సుద్దగీత కళ ఎలా అవుతుందని కొందరు అడగవచ్చు. తెల్లవారితే తొక్కుడుపడే ముగ్గును తరతరాలుగా వేస్తున్న జాతికి ఈ సందేహం రాకూడదు. పందిరి విప్పగానే ప్రజానాట్యమండలి ప్రదర్శన ముగిసేది. దాని ప్రయోజనం మాత్రం చూసినవారిలో మిగిలేది. శాశ్వతత్వం రాతిలో ఉండదు, జనం చేసే పనిలో ఉంటుంది.

గమనించదగినదేమంటే, ఈ గీత తరువాత 2013లో మయామీకి, 2014లో బ్రిస్టల్‌కు వెళ్లినప్పుడు దాన్ని స్థానికులే గీశారు. కళాకారిణి చేతిలోని బండి వాడవాసుల చేతికి వచ్చింది. ఇదే ఆ రచన సాధించిన నిజమైన అభ్యుదయం.

మన కాకినాడ దగ్గరి ఉప్పాడలో సముద్రం ఇళ్లనూ రోడ్డునూ కోసుకుపోతూనే ఉంది. అక్కడి కోతకు సముద్రమట్టం ఒక్కటే కారణం కాదు; తీరం వెంట ఇసుక కదలికలున్నాయి, ఆనకట్టల వెనుక ఆగిపోతున్న గోదావరి ఒండ్రు ఉంది. ఆ ఊరి బెస్తవారికి గీత గీసి చూపవలసిన పని లేదు. తమ ఇల్లు ఎక్కడుండేదో వారు నీటివైపు చేయి చాపి చూపగలరు. వారి ఎరుక తీరంలోనే ఆగిపోకుండా, తీరం గతిని నిర్ణయించే కార్యాలయాల గుమ్మాలదాకా చేరాలి. గీత గీయవలసింది ఆ గుమ్మాల ముందు. బండి ఉండవలసింది ఉప్పాడవారి చేతిలో.