ముద్ద, అడుగు: పెద్దల ఆరోగ్యానికి రెండు దారులు

ఇంట్లో పెద్దవారు ఎవరైనా జారి పడితే మనం మొదట అనే మాట ఏమిటి? "మీరు కదలకండి, కావలసినవన్నీ మేం తెచ్చి పెడతాం" అంటాం. ఆ మాటలో ప్రేమ ఉంది. మా అమ్మ విషయంలో నేనూ అదే అన్నాను. డెబ్బై నాలుగో ఏట ఆమె పెరట్లో జారి పడింది. ఎముక విరగలేదు. అయినా మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. పూటపూటకూ జావ, పాలు, మెత్తటి అన్నం మంచం దగ్గరికే చేర్చాం. నొప్పి తగ్గింది గానీ, ఆ తర్వాత గోడ పట్టుకోకుండా ఆమె లేవలేకపోయింది. ఏళ్ల తరబడి పిల్లలకు విజ్ఞానశాస్త్రం చెప్పిన నాకు అప్పుడు తోచని ప్రశ్న ఒకటుంది. తిండికి లోటు లేనప్పుడు బలం ఎక్కడికి పోయినట్టు?

ఈ ప్రశ్నకు జవాబు వైద్య గ్రంథాలలోనే కాదు, చరిత్రలో కూడా ఉంది. గత వంద సంవత్సరాలలో సమాజాలు తమ వృద్ధుల కోసం రెండు రకాల ఏర్పాట్లు చేసుకున్నాయి. ఒకటి తిండి పెట్టే ఏర్పాటు, రెండవది శరీరాన్ని కదిలించే ఏర్పాటు. ఈ రెండూ చాలాకాలం వేర్వేరు దారుల్లో నడిచాయి. అవి ఎక్కడ పుట్టాయో, ఎక్కడ కలిశాయో చూద్దాం.

ముందుగా తిండి దారి. రెండవ ప్రపంచ యుద్ధం సాగుతున్న 1943లో, బ్రిటన్‌లో మహిళా స్వచ్ఛంద సేవికలు ఇల్లు కదలలేని వారికి వేడి భోజనం బండ్ల మీద తీసుకెళ్లి అందించడం మొదలుపెట్టారు. 1954లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం ఆ పద్ధతిని అందుకుంది. 1972లో అమెరికా ప్రభుత్వం మరో అడుగు వేసింది. వృద్ధుల సంక్షేమానికి 1965లో చేసిన చట్టాన్ని సవరించి, పెద్దలను ఒకచోట చేర్చి పంక్తి భోజనం పెట్టే కేంద్రాలకు నిధులు కేటాయించింది. ఒంటరిగా తినేవారు సరిగా తినరు, నలుగురితో కూర్చుంటే ఒక ముద్ద ఎక్కువే దిగుతుంది అన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. మన విస్తరి భోజనాల అనుభవం కూడా ఇదే కదా!

మన దేశంలో ఈ దారి తమిళనాడులో స్పష్టంగా కనిపిస్తుంది. 1982 జులైలో ముఖ్యమంత్రి ఎం.జి.రామచంద్రన్ పిల్లల కోసం పౌష్టికాహార పథకాన్ని ప్రారంభించారు. 1983 జనవరిలో వృద్ధాప్య పింఛను పొందేవారికి కూడా ఆ మధ్యాహ్న భోజనాన్ని విస్తరించారు. మనవడు తినే వంటశాలలోనే తాతకూ భోజనం దొరికింది. తరువాత 1995లో కేంద్ర ప్రభుత్వం జాతీయ సామాజిక సహాయ కార్యక్రమాన్ని చేపట్టింది. పింఛనుకు అర్హత ఉండీ అందని 65 ఏళ్లు దాటిన నిరుపేదలకు నెలకు 10 కిలోల ధాన్యం ఉచితంగా ఇచ్చే అన్నపూర్ణ పథకం 2000 సంవత్సరంలో వచ్చింది.

ఇక్కడ మనం ఒక చిన్న లెక్క వేద్దాం. కాగితం, కలం తీసుకోండి. నెలకు 10 కిలోల బియ్యం అంటే రోజుకు సుమారు 333 గ్రాములు. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 8 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అంటే రోజుకు 26 గ్రాములు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం శరీర బరువు కిలో ఒక్కింటికి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 50 కిలోల బరువున్న పెద్దావిడకు ఇది 41 గ్రాములకు పైమాటే. కడుపు నిండినా సుమారు 15 గ్రాముల లోటు మిగిలిపోయింది, గమనించారా? పైగా బియ్యపు మాంసకృత్తులలో లైసీన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. ఒక గుప్పెడు కందిపప్పు, ఒక గ్లాసు పాలు చేరిస్తే లెక్క సరిపోతుంది. పప్పులో లైసీన్ సమృద్ధిగా ఉంటుంది కాబట్టి అన్నం, పప్పు ఒకదాని లోటును మరొకటి తీరుస్తాయి. ఆకలిని ఆపడం వేరు, కండను నిలపడం వేరు అని ఈ లెక్క చెబుతోంది.

ఇక కదలిక దారి. 1928 నవంబరులో జపాన్ రేడియో ఉదయపు వ్యాయామాల ప్రసారం మొదలుపెట్టింది. వాద్య సంగీతానికి అనుగుణంగా చేతులు చాపి, నడుము వంచి చేసే తేలికపాటి కసరత్తులు అవి. యుద్ధం ముగిశాక కొంతకాలం ఆగి, 1951లో మళ్లీ మొదలయ్యాయి. నేటికీ ఉదయం ఆరున్నరకు ఎందరో జపాన్ వృద్ధులు పార్కులలో చేరి, ఆ ప్రసారం వింటూ కలిసి వ్యాయామం చేస్తారు. మన దేశంలో 1995 మార్చిలో ముంబయిలోని ఒక పార్కులో డాక్టర్ మదన్ కటారియా అయిదుగురితో మొదలుపెట్టిన నవ్వుల క్లబ్బు ఎన్నో దేశాలకు విస్తరించింది. 2015 నుంచి జూన్ 21న యోగా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఇవన్నీ మంచివే. అయితే ఉదయపు నడకకు వచ్చే పెద్దలను గమనించండి. వారిలో అధికులు ఇప్పటికే నడవగలిగినవారు. గోడ పట్టుకుని లేచేవారి మాటేమిటి? వారికి వ్యాయామం ప్రమాదమనే చాలాకాలం అందరూ నమ్మారు.

ఆ నమ్మకాన్ని కదిలించింది అమెరికాలోని బోస్టన్ నగరం. వయసుతో కండ తరిగిపోవడానికి 'సార్కోపీనియా' అనే పేరును శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్ 1989లో ప్రతిపాదించారు. పేరు పెట్టాక అది కేవలం 'ముసలితనం' కాదు, కొలవదగిన స్థితి అయింది. 1990లో మరియా ఫియాటరోన్, ఆమె సహచరులు 86 నుంచి 96 ఏళ్ల మధ్య వయసున్న పదిమందికి ఎనిమిది వారాలపాటు కాళ్లతో బరువులు ఎత్తే శిక్షణ ఇచ్చారు. తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. వారిలో ఇద్దరు చేతికర్ర విడిచిపెట్టారు!

మన ప్రశ్నకు అసలు జవాబు అదే బృందం 1994లో ప్రచురించిన ప్రయోగంలో ఉంది. సగటున 87 ఏళ్ల వయసున్న వందమంది బలహీన వృద్ధులను నాలుగు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి వ్యాయామం, ఒక వర్గానికి అదనపు పోషక పానీయం, ఒక వర్గానికి రెండూ ఇచ్చారు. నాలుగో వర్గానికి ఈ రెండూ లేవు. పది వారాల తర్వాత, వ్యాయామం చేసినవారి కండబలం 113 శాతం పెరిగింది, చేయనివారిది 3 శాతమే. పానీయం మాత్రమే తాగినవారికి బలం పెరగలేదు. రోజు మొత్తం మీద శరీరానికి చేరిన ఆహారశక్తి కూడా, వ్యాయామం, పానీయం రెండూ అందుకున్న వర్గంలో మాత్రమే చెప్పుకోదగినంత పెరిగింది. కారణం ఊహించడం కష్టం కాదు. కదలని శరీరానికి ఆకలి వేయదు. పానీయం తాగినవారు ఆ మేరకు అన్నం తగ్గించుకుంటారు.

రెండు దారులు కలిసిన చోటు అది. మా అమ్మ బలం ఎక్కడికి పోయిందో నాకు అక్కడే తెలిసింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దలు పది రోజులు మంచం మీదే ఉంటే, కాళ్లలో దాదాపు ఒక కిలో కండ తరిగిపోతుందని 2007లో మరో పరిశోధన చూపింది. మేము మూడు వారాలు ఉంచాం.

ఇక మన ముందున్న పని ఏమిటి? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. 2010లో వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం మొదలై, జిల్లా ఆసుపత్రులలో వృద్ధుల వార్డులు, ఫిజియోథెరపీ సేవలు లక్ష్యంగా పెట్టుకుంది. వృద్ధులు వారంలో కనీసం మూడు రోజులు బలం, శరీర సమతుల్యం పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన 17 ఆహార సూత్రాలలో ఒకటి ప్రత్యేకంగా వృద్ధుల కోసమే. అయినా బియ్యం రేషన్ దుకాణంలో, వ్యాయామం ఆసుపత్రిలో వేర్వేరుగా ఉన్నంతకాలం ఈ రెండింటినీ కలపవలసిన బాధ్యత మనదే.

దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. మీ వీధిలో, మీ అపార్ట్‌మెంటులో, మీ ఊరి గుడి మండపంలో వారానికి మూడు రోజులు పెద్దలు ఒక గంట కలవడం చాలు. గట్టి కుర్చీలో కూర్చుని లేవడం, కుర్చీ పట్టుకుని మడమలు ఎత్తడం పదేసి సార్లు చేయించండి. చివరలో ఉడికించిన శనగలో, గుడ్డో, గ్లాసు మజ్జిగతో పెసరట్టో కలిసి తినండి. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి.

మా అమ్మకు కుర్చీలోంచి చేతి ఆసరా లేకుండా లేవడానికి మూడు నెలలు పట్టింది. మొదటి రోజు ఒక్కసారి కూడా కుదరలేదు. తరువాత పక్కింటి అత్తయ్యగారు కూడా వచ్చి ఎదురు కుర్చీలో కూర్చోవడం మొదలైంది. ఆపైన అమ్మను ఎవరూ లేపవలసిన అవసరం రాలేదు. మీ ఇంట్లో పెద్దవారికి ఈ పూట కంచం అందించేటప్పుడు మంచం దగ్గరికి తీసుకువెళ్లకండి. చెయ్యి అందించి, నాలుగు అడుగులు నడిపించి, అందరితో కలిసి కూర్చోబెట్టండి.