ఉర్దూ బళ్ళోంచి తెలుగు ఎమ్మేకి

ఇంగ్లీషు మీడియంలో వేశాం, పిల్లాడికి తెలుగు ఏం వస్తుందిలెండి అని నిట్టూర్చే తల్లులకి నేను సి. నారాయణరెడ్డిగారి సంగతి చెబుతుంటాను. 1931లో హనుమాజీపేటలో పుట్టారాయన. బడి చదువు ఉర్దూలో. చాదర్‌ఘాట్ కాలేజీలో ఇంటరూ, ఉస్మానియాలో బి.ఏ.నూ ఉర్దూలోనే! నైజాం రాజ్యంలో అంతే మరి. 1918లో వెలసిన ఆ విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ. తెలుగుకీ ఓ శాఖ ఉండేది. రాయప్రోలు సుబ్బారావుగారంతటి కవి అందులో ఆచార్యులు.

అయినా ఉర్దూలో చదివిన కుర్రాడికి తెలుగు ఎమ్మే మాటలా? ప్రబంధాలూ, వ్యాకరణమూ, ఛందస్సూ! ఆయనను ఆదుకున్నది శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. 1901లో, సర్కారు పట్టించుకోని తెలుగు కోసం కొందరు పెద్దలు రెసిడెన్సీ బజారులో, రావిచెట్టు రంగారావుగారింట్లో మొదలుపెట్టిన గ్రంథాలయమది. చాదర్‌ఘాట్‌కి ఎంతో దూరం కాదు. విద్యార్థిగా ఆయన అక్కడ కూర్చుని పుస్తకం తర్వాత పుస్తకం చదివారు.

ఎమ్మే అయింది, లెక్చరరయ్యారు. ఆధునికాంధ్ర కవిత్వంలోని సంప్రదాయాల మీద, ప్రయోగాల మీద పరిశోధించి డాక్టరేటూ అందుకున్నారు. 1988కి జ్ఞానపీఠం సరేసరి. మరి ఆ ఉర్దూ ఏమైందంటారా? ఎక్కడికీ పోలేదు. తెలుగులో గజళ్ళు రాసి, తనే పాడి వినిపించారు కదూ!