బాలల్లో కెరటోకోనస్: చికిత్స చరిత్ర

కెరటోకోనస్ అనేది నల్లగుడ్డును కప్పి ఉండే గాజులాంటి పొరకు, అంటే కార్నియాకు వచ్చే జబ్బు. అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ మందం ఉండే ఆ పొర పలచబడి, శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది. సాధారణంగా యుక్తవయసు తొలినాళ్లలో మొదలై, ముప్పై నలభై ఏళ్ల నాటికి చాలామందిలో దానంతటదే నిలిచిపోతుంది. ఎంత చిన్న వయసులో మొదలైతే అంత వేగంగా ముదురుతుంది. అందుకే పిల్లల చికిత్సకు వేరే చరిత్ర ఉంది.

కళ్లజోడులోని సిలిండర్ నంబరు తరచూ మారడం, ఏ అద్దాలు పెట్టినా అక్షరం నీడతో రెండుగా కనిపించడం తొలి గుర్తులు. కళ్లు అదేపనిగా నులుముకునే అలవాటుకూ ఈ జబ్బుకూ దగ్గరి సంబంధం ఉంది. ఎండ, పొడిగాలి, దుమ్ము కలిసే దక్కన్‌లో బడిపిల్లలను వేసవి వస్తే పీడించే వెర్నల్ ఎలర్జీ ఆ అలవాటుకు పెద్ద కారణం. దురద తగ్గించే చుక్కలు వేయించి, నులుముకోవడం మాన్పించడమే ఈనాటికీ చికిత్సలో మొదటి మెట్టు.

పూర్వరంగం

జర్మన్ వైద్యుడు బుర్ఖార్ట్ మౌఖార్ట్ 1748లో ఇలాంటి కంటిని వర్ణించాడు. లివర్‌పూల్‌కు చెందిన జాన్ నాటింగ్‌హామ్ 1854లో దీన్ని ఇతర కార్నియా జబ్బుల నుంచి వేరుచేసి చక్కని గ్రంథం రాశాడు. పొడుచుకొచ్చిన చోటును సిల్వర్ నైట్రేట్‌తో కాల్చడం ఆ శతాబ్దపు వైద్యాల్లో ఒకటి. 1888లో పారిస్‌లో యూజీన్ కాల్ట్ గాజు చిప్పలను కంటిపై అమర్చి చూశాడు. ఇప్పుడు వాడే గట్టి కాంటాక్ట్ లెన్సులకు అవే పూర్వీకులు. కార్నియా మార్పిడి తొలిసారి ఫలించింది 1905లో, ఒలొమౌట్స్ పట్టణంలో ఎడువర్డ్ జిర్మ్ చేతుల మీదుగా. అక్కడ దాత పదకొండేళ్ల బాలుడు. కెరటోకోనస్‌కు ఆ శస్త్రచికిత్స చేయడం 1936లో న్యూయార్క్‌లో రామోన్ కాస్ట్రోవిఎహోతో మొదలైంది.

మద్రాసు నుంచి హైదరాబాద్‌కు

తెలుగువారికి చాలాకాలం కంటి వైద్యమంటే మద్రాసే. 1819లో నెలకొన్న ఎగ్మోర్ కంటి ఆస్పత్రిలోనే 1945లో దేశంలోని మొదటి ఐ బ్యాంకు ఏర్పడింది. నిజాం పాలిత ప్రాంతం వారికి తర్వాతి రోజుల్లో మెహదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి దిక్కయింది.

1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థను నెలకొల్పారు. ఆయన స్వయంగా కార్నియా నిపుణుడు కావడం ఈ జబ్బు రోగులకు కలిసొచ్చింది. ‘మిస్సమ్మ’ తీసిన ఎల్.వి. ప్రసాద్ ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు విరాళమిచ్చారు. సినిమా డబ్బు ఇంతకన్నా సార్థకమైన సందర్భాలు అరుదు. 1989లో రామాయమ్మ ఐ బ్యాంకు ఏర్పడింది. దానం చేసిన కళ్లను భద్రపరిచే ద్రావణాన్ని అక్కడే తయారుచేసి ఇతర ఐ బ్యాంకులకూ ఇచ్చారు. 2023 నాటికి ఎల్వీ ప్రసాద్ సంస్థలో యాభై వేల కార్నియా మార్పిడులు పూర్తయ్యాయి.

అయినా పిల్లల విషయంలో మార్పిడి ఆఖరి అస్త్రమే. పెద్దలతో పోలిస్తే పిల్లల శరీరం పరాయి కణజాలాన్ని ఎక్కువగా తిరస్కరిస్తుంది, కుట్లు త్వరగా వదులవుతాయి. ఆటల్లో దెబ్బ తగిలితే కుట్టిన చోటు చీలే ప్రమాదం ఉంది. పై పొరలను మాత్రమే మార్చి, లోపలి పలుచని పొరను రోగిదే ఉంచే పద్ధతి వచ్చాక తిరస్కరణ భయం కొంత తగ్గింది. దీనికి 2002లో మహమ్మద్ అన్వర్, టైష్‌మన్ వివరించిన గాలి బుడగ విధానం బాగా ఉపకరించింది.

కార్నియా లోపలి పొర హఠాత్తుగా చీలి, నీరు చేరి, ఉన్నట్టుండి కన్ను తెల్లబడే స్థితిని హైడ్రాప్స్ అంటారు. ఎలర్జీ ఉన్న పిల్లలకు ఈ ముప్పు ఎక్కువ. కంటి ముందు గదిలోకి పెర్‌ఫ్లోరోప్రొపేన్ వాయువు ఎక్కించి ఈ వాపును తగ్గించడంపై డాక్టర్ సాయన్ బసు, డాక్టర్ ప్రవీణ్ వడ్డవల్లి తదితరులు ఎల్వీ ప్రసాద్ సంస్థ నుంచి 2011లో వెలువరించిన పరిశోధన విలువైనది. కంటి తెల్లభాగం మీద ఆనుకుని, కార్నియాను తాకకుండా నిలిచే స్క్లెరల్ లెన్సులు కూడా అక్కడ విరివిగా వాడుకలోకి వచ్చాయి. మార్పిడి వరకూ వెళ్లాల్సిన కొందరు వీటితోనే చదువులు సాగించగలుగుతున్నారు.

క్రాస్‌లింకింగ్ రాక

క్రాస్‌లింకింగ్ వచ్చేవరకూ వైద్యమంతా చూపును సరిదిద్దడమే. జబ్బును ఆపే మార్గం జర్మనీలోని డ్రెస్డెన్‌లో దొరికింది. థియో సైలర్‌కు ఈ ఊహ దంతవైద్యుడి కుర్చీలో, వెలుతురు పడగానే గట్టిపడే జిగురును చూసి తట్టిందని చెబుతారు. వోలెన్‌సాక్, స్పోయర్ల్, సైలర్ కలిసి 2003లో తొలి ఫలితాలు ప్రకటించారు. పద్ధతి చిత్రమైనదేమీ కాదు. కార్నియా పైచర్మాన్ని తొలగించి, బి2 విటమిన్ అయిన రైబోఫ్లేవిన్ చుక్కలను అరగంట పాటు వేస్తారు. తర్వాత అరగంట అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేస్తారు. కార్నియాలోని పోగుల మధ్య కొత్త ముడులు పడి అది బిగుసుకుంటుంది. ఇదే క్రాస్‌లింకింగ్. లోపలి కణాలకు హాని కలగకుండా పొర కనీసం 400 మైక్రాన్ల మందం ఉండాలన్నది మొదటి నియమం. ఆలస్యమయ్యే కొద్దీ పొర పలచబడుతుంది గనుక, ఈ నియమమే తొందరపడమని చెబుతున్నట్టుంది. ఇప్పుడు కిరణాల తీవ్రత పెంచి పది నిమిషాల్లో ముగించే విధానాలూ ఉన్నాయి. కదలకుండా ఉండలేని చిన్నపిల్లలకు పూర్తి మత్తు ఇస్తారు. అమెరికాలో దీనికి ఆమోదం 2016లోగానీ రాలేదు.

జబ్బు ముదురుతోందని నిర్ధారించాకే చికిత్స చేయాలన్నది పెద్దలకు పాటించిన పద్ధతి. పిల్లలకూ అదే వర్తిస్తుందా అన్నది తర్వాతి చర్చ. 2012లో ఛాట్జిస్, హఫెజీ వెలువరించిన పరిశోధనలో పిల్లల కళ్లలో 88 శాతం వాటిలో జబ్బు ముదిరింది. నిరీక్షించకుండా వెంటనే చేయడమే మేలని వారు సూచించారు. బ్రిటన్‌లో 10 నుంచి 16 ఏళ్ల వారిపై జరిగిన కెరాలింక్ పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. పద్దెనిమిది నెలల్లో క్రాస్‌లింకింగ్ జరిగిన వారిలో 7 శాతం మందికి, జరగని వారిలో 43 శాతం మందికి జబ్బు ముదిరింది. అయితే చికిత్స తర్వాత కూడా పిల్లలు కళ్లు నులుముతూనే ఉంటే ఫలితం నిలవదు. అద్దాల అవసరమూ పోదు.

కొండాపూర్ పరిసరాలు

ఈ చికిత్సలు నగరం వెలుపలి పిల్లలకు ఎలా అందుతాయో చూడటానికి ఒక మండలాన్ని తీసుకుందాం. శాతవాహనుల నాటి శిథిలాలతో పేరుపొందిన సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌ను ఐటీ కంపెనీల హైదరాబాద్ కొండాపూర్‌గా పొరబడకూడదు. ఈ మండలం వారు పెద్ద కంటి ఆస్పత్రి కావాలంటే సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా నగరానికి వెళ్లాలి. 2018 ఆగస్టు 15న పక్క జిల్లా మెదక్‌లోని మల్కాపూర్‌లో తెలంగాణ ప్రభుత్వం ‘కంటి వెలుగు’ అనే కంటి పరీక్షల పథకాన్ని ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 అక్టోబరు 10న అనంతపురంలో ప్రారంభించిన ఇలాంటి పథకం తొలి విడతను బడిపిల్లలకే కేటాయించింది. ఇది మెచ్చదగిన ఎంపిక. అయితే చార్టు చదివించి నంబరు చూసే శిబిరాల్లో తొలిదశ కెరటోకోనస్ దొరకదు. దానికి కార్నియా ఎత్తుపల్లాలను పటంగా గీసే టోపోగ్రఫీ యంత్రం కావాలి.

కొండాపూర్‌కు దగ్గర్లోని కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ, ఎల్వీ ప్రసాద్ సంస్థల శాస్త్రవేత్తలు కలిసి మనిషి కంటి కణజాలం, మూలకణాలతో త్రీడీ ముద్రణలో కార్నియా తయారుచేశారు. మచ్చలు పడిన కళ్లకు, కెరటోకోనస్‌తో పలచబడిన కళ్లకు పనికొస్తుందని ఆశించిన ఆ కార్నియాను 2022 ఆగస్టు నాటికి కుందేలు కంటిలో అమర్చి చూశారు.